యాభై ఒకటో కార్డు

మేడ మీది గది,
ఆదివారం మధ్యాహ్నం

చిన్నోడికి,

అక్క ఆశీస్సులు. నీ రెండు వాక్యాల ఉత్తరం అందింది. నువ్వు బాగున్నావు, దీపం బాగుంది. సంతోషం.

ఇవాళ ఒక పాత ఉదయం గుర్తొచ్చింది. ప్రత్యేకమైనదేం కాదు. పన్నెండేళ్ళ కిందటిది. నేను ప్రార్థన ముగించి కిందికి దిగేసరికి పొయ్యి మీద పాలు పొంగిపోయి ఉన్నాయి. పెద్దోడు ఒక కాలికి మేజోడు వేసుకుని రెండోదాని కోసం ఇల్లంతా వెతుకుతున్నాడు. మరదలు బట్టలు ఆరేస్తూ, "ఆయన మేజోడు ఆయన కాలికే ఉండి ఉంటుంది, చూడండి వదినా" అంది. నిజమే, రెండూ ఒకే కాలికి వేసుకున్నాడు. బళ్ళో పిల్లలకి లెక్కలు చెప్పే మనిషి. నువ్వు స్నానాల గదిలో పాడుతున్నావు. రాగం లేదు, గొంతు మాత్రం ఉంది.

నేను నీ గది ఊడ్చాను. మంచం కింద దువ్వెన, ఒక గుండీ, ఒక కార్డు దొరికాయి. కార్డు మీద లాంతరు పట్టుకున్న ముసలివాడు. నీ కార్డుల పెట్టె బల్ల మీద, బ్యాగు పక్కనే ఉంది. కార్డుకి అంటిన దుమ్ము గుడ్డతో తుడిచి, పెట్టెలో మిగతావాటి మధ్య దూర్చి మూత పెట్టాను. గుండీ నీ నీలం చొక్కాకి కుట్టాను. దువ్వెన కడిగి అద్దం ముందు పెట్టాను. నువ్వు తల తుడుచుకుంటూ వచ్చి, నిలబడే టిఫిను తిని, బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళావు. అంతే ఆ ఉదయం.

ఎందుకు గుర్తొచ్చిందంటే, అటక మీద నీళ్ళు కారుతున్నాయి. నీ పెట్టె కిందికి దించాను. ముసలివాడు ఇంకా ఉన్నాడు. కుడివైపు మూల సగందాకా చిరిగి వేలాడుతోంది. చెమ్మకి అయి ఉంటుంది. మిగతావి బాగానే ఉన్నాయి. ఉంచనా, ఎవరికైనా ఇవ్వనా?

లైబ్రరీలో బైండింగ్ గది ఇప్పుడు ఒంటిపూటే తెరుస్తున్నారు. పుస్తకాలు చిరగడం తగ్గింది. ఎవరూ చదవకపోతే చిరగవు కదా. మధ్యాహ్నాలు ఖాళీగా ఉంటున్నాను.

అక్క


దీపస్తంభం,
సరుకుల పడవ వచ్చిన రోజు

అక్కకి,

పారెయ్. ఎవరికీ ఇవ్వొద్దు, పారెయ్.

ఒక్క సంగతి అడుగుతాను. నువ్వు గది ఊడ్చింది నేను నీలం చొక్కా వేసుకుని వెళ్ళిన రోజేనా? ముందు రోజు కాదు కదా?

చిన్నోడు


మేడ మీది గది,
మంగళవారం

చిన్నోడికి,

ఆ రోజే. నువ్వు స్నానం చేస్తుండగానే ఊడ్చాను. సాయంత్రం తిరిగొచ్చి భోజనం వద్దని పడుకున్నావు. అందుకే బాగా గుర్తు. ఎందుకు అడిగావు?

పెట్టె పారెయ్యలేదు. అందులో రూల్సు పుస్తకం ఉంటే చదివాను. నాకు అర్థమైంది రాస్తాను, తప్పయితే దిద్దు.

ఆట పేరు ఏడు తలుపులు. ఇద్దరు ఆడతారు. ఒక్కొక్కరు యాభై కార్డుల కట్ట ఇంటి దగ్గరే కూర్చుకుని వస్తారు. ముందు ఏడు తలుపులు పెట్టుకుంటారు. ఎదుటివాళ్ళ తలుపులు ఏడూ పగలగొడితే గెలుపు. వంతుకొక కార్డు తీయాలి. తీయడానికి కార్డు లేనివాళ్ళు ఓడిపోతారు.

అంటే, చిన్నోడా, ఒక్క తలుపూ పగలగొట్టకుండా కూడా గెలవొచ్చు. ఎదుటివాళ్ళ కట్ట అయిపోయేదాకా మన తలుపులు మూసుకుని కూర్చుంటే చాలు. ఈ సంగతి ఏడో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో వేశారు. నేను చిన్న అక్షరాలు కూడా చదువుతాను.

లైబ్రరీ పక్క సందులో కార్డుల షాపు ఉంది. ఆదివారాలు బల్లలు వేస్తారట. వెళ్ళి కూర్చుందామనుకుంటున్నాను. ఈ రోజుల్లో అక్కడ అందరూ ఎర్ర దండు అనే దాడుల కట్టే ఆడుతున్నారట, నేను ఎంచిన యాభై కార్డుల జాబితా ఈ కవర్లోనే పెట్టాను.

ముసలివాడి మూల నేనే బాగుచేశాను. పాత మ్యాపులకి వాడే పల్చటి కాగితం, పిండి జిగురు. రెండు రోజులు బరువు కింద ఉంచాను. ఎక్కడ చిరిగిందో ఇప్పుడు నేనే కనిపెట్టలేను.

అక్క


దీపస్తంభం,
వాన

అక్కకి,

పోయిన పడవకి రాయలేదు. ఒంట్లో బాగానే ఉంది. రాయడానికి ఏమీ దొరకలేదంతే. ఎందుకు అడిగానంటావా, ఊరికే.

ఇక నీ సంగతి. నీకు యాభై నాలుగేళ్ళు. ఆ బల్లల దగ్గర కూర్చునేవాళ్ళకి నువ్వు అమ్మవి కూడా కాదు, అమ్మమ్మవి. నవ్వుతారు. అన్నయ్యకి తెలిస్తే నవ్వడు. అది ఇంకా కష్టం.

వినవని తెలుసు. కనీసం ఓడిపోయేటప్పుడైనా పద్ధతిగా ఓడిపో. నువ్వు పంపిన జాబితా చూశాను. 'పెద్ద గోడ' మూడు పెట్టావు. బొమ్మ బాగుందని పెట్టావు కదా? అది ఐదు దీపాలు అడుగుతుంది. వంతుకొక దీపమే వెలుగుతుంది కాబట్టి ఐదో వంతుదాకా ఆ గోడ చేతిలోనే ఉంటుంది. ఈ రోజుల్లో అందరూ ఎర్ర దండు ఆడుతున్నారని నువ్వే రాశావు. ఎర్ర దండు నాలుగో వంతుకే నాలుగు తలుపులు పీకేస్తుంది. నువ్వు గోడ చేతిలో పట్టుకుని ఇల్లు లేకుండా నిలబడతావు.

గోడలు తీసెయ్. 'ఇటుక' మూడు పెట్టు, రెండు దీపాలే. 'గడియ' మూడు తప్పనిసరి, ఒక్క దీపంతో ఎదుటివాడి దాడి ఒకటి ఆగిపోతుంది. 'ఊరి దండోరా' అని ఒకటుంది, ఎవరికీ నచ్చదు. ఆడితే ఎదుటివాడు రెండు కార్డులు ఊరికే తీసుకుంటాడు. ఎదుటివాడికి ఎవరైనా ఊరికే కార్డులిస్తారా అని అందరూ అనుకుంటారు. కానీ నీకు కావలసింది వాడి కట్ట అయిపోవడమే. మూడూ పెట్టు. తీసుకుని మురిసిపోనీ.

నువ్వు అతికిన ఆ లాంతరు ముసలివాడి పేరు కావలివాడు, వాడు ఒక్కడే ఉన్నాడు, ఆ కార్డు ఇప్పుడు అచ్చు వెయ్యడం లేదు. ముందు నిలబడ్డాడంటే వంతుకొక విరిగిన తలుపు మళ్ళీ బిగిస్తాడు. వాడు వస్తే నువ్వు ఓడవు. కానీ వాడు రాకపోయినా నిలిచేలా కట్ట కట్టు. ఒక్క కార్డు మీద ఆశ పెట్టుకున్న కట్ట కట్టే కాదు.

ఇంత పెద్ద ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో. వేలు నొప్పి పుడుతోంది. అంతా నీ వల్లే.

చిన్నోడు


బైండింగ్ గది,
పని అయ్యాక

చిన్నోడికి,

గోడలు తీసేశాను. బొమ్మ బాగుండేది.

నాలుగు ఆదివారాలు వెళ్ళాను. మొదటి రోజు తలుపు దగ్గర ఒకాయన, "ఎవరికోసమండీ, మనవడి కోసమా?" అన్నాడు. నాకోసమే అన్నాను. కుర్చీ తుడిచి ఇచ్చాడు. ఆయన బస్సు డ్రైవరు. ఎర్ర దండు ఆడతాడు. బస్సు కూడా అలాగే నడుపుతాడట, వాళ్ళే చెప్పారు.

"పెద్దమ్మా, దాడి చెయ్యరా?" అన్నాడు.

"చెయ్యను."

"మరి ఆడటం ఎందుకు?"

"నువ్వు చేస్తున్నావుగా, చాలదా?"

ముప్పావు గంటకి ఆయన కట్ట అయిపోయింది. దండోరా వేసిన ప్రతిసారీ థాంక్స్ చెప్పి మరీ కార్డులు తీసుకున్నాడు. చివరికి ఖాళీ చెయ్యి బల్ల మీద పెట్టి కాసేపు చూసుకున్నాడు. ఇప్పుడు నన్ను అక్కడ గడియమ్మ అంటున్నారు. కొందరు నాతో ఆడటం ఇష్టపడరు. ఇది ఆటే కాదు, ఎదుటివాళ్ళని విసిగించడం అంటారు. రూల్సు పుస్తకం ఏడో పేజీ చూపిస్తాను.

ఒక్క సంగతి అర్థం కావడం లేదు. ఇరవై ఆటలు నోటుపుస్తకంలో రాసుకున్నాను. పన్నెండు గెలిచాను. కావలివాడు చేతికి వచ్చింది రెండుసార్లే. ఆట అయ్యాక కట్ట తిరగేసి చూస్తే చాలాసార్లు అడుగున కూర్చుని ఉంటాడు. నేను బాగానే కలుపుతాను. కలిపి ఇచ్చాక ఎదుటివాళ్ళు ఒకసారి కోస్తారు, పైభాగం ఎత్తి కింద పెడతారు, అంతే. అయినా అడుక్కే పోతాడు.

ప్రార్థనలో ఇలాంటివి అడగకూడదు. అయినా అడిగాను, ఒక్క ఆదివారం పైకి పంపించమని. పంపలేదు. అడగొద్దన్నాడనుకుని ఊరుకున్నాను.

వచ్చే నెల నగర పోటీ. ముప్పై రెండు మంది. పేరు ఇచ్చాను. పెద్దోడికి చెప్పాను. "అక్కా, నేను హెడ్మాస్టర్ని" అన్నాడు. తెలుసు, నీ చొక్కాలు ఇస్త్రీ చేసేది నేనే అన్నాను.

అక్క


దీపస్తంభం,
గాలి తగ్గాక

గడియమ్మకి,

దేవుడికి బస్సు డ్రైవరు కూడా బిడ్డే. నీ ఒక్కదాని మాటే వింటే మిగతా ముప్పై ఒక్క మంది ఊరుకుంటారా?

ఇరవైకి రెండు అంటే మరీ తక్కువ. కానీ కార్డులకి కనికరం ఉండదు, ఒక్కోసారి అలాగే అవుతుంది. నువ్వు పుస్తకాలు అదిమినట్టు అదిమి కలుపుతున్నావేమో. వేళ్ళు వదులు చెయ్. మామూలుగా ఏడుసార్లు కలిపితే చాలు, నువ్వు పది కలుపు.

పోటీలో డ్రైవరు ఎదురైతే గడియలన్నీ మొదటే వాడెయ్యకు. వాడు మూడో వంతులో 'గునపం' వేస్తాడు, దానికోసం ఒకటి దాచు. రిఫరీ పిలిస్తే లేచి నిలబడు, ఎక్కువ మాట్లాడకు. బయల్దేరేముందు కార్డులు లెక్కపెట్టుకో. రెండుసార్లు లెక్కపెట్టు. అక్కా, ఇది మాత్రం మర్చిపోవద్దు.

చిన్నోడు


మేడ మీది గది,
పోటీ అయిన మర్నాడు

చిన్నోడికి,

రెండుసార్లు లెక్కపెట్టాను. యాభయ్యే ఉన్నాయి.

మూడు రౌండ్లు గెలిచాను. సెమీఫైనల్లో డ్రైవరు వచ్చాడు. గడియ ఒకటి దాచమన్నావు, దాచాను. ఒక ఆట నాది, ఒకటి ఆయనది. మూడోదానికి ముందు రిఫరీ వచ్చి కట్టలు చూస్తానంది. ఆమె పళ్ళ డాక్టరు. ఆదివారాలు రిఫరీగా ఉంటుంది. నా కట్ట చేతిలోకి తీసుకుని, కళ్ళు మూసుకుని, బొటనవేలితో అంచు మీద ఒకసారి గీసింది. మళ్ళీ గీసింది. తర్వాత కట్ట ఎత్తింది. సరిగ్గా ఒకే చోట విడిపోయింది. మూడుసార్లు ఎత్తితే మూడుసార్లూ అక్కడే.

అక్కడున్న కార్డుకి వేసిన ప్లాస్టిక్ తొడుగు విప్పింది. ముసలివాడు. వెలుతురుకి పెట్టి చూసి, "ఇది ఎవరు అతికారు?" అంది.

"నేనే."

"మిగతావాటికన్నా బిరుసుగా ఉంది. చేతికి తెలుస్తుంది. దీన్ని గుర్తు పెట్టిన కార్డు అంటారమ్మా."

డ్రైవరు బల్ల కిందికి చూస్తూ కూర్చున్నాడు. నన్ను పోటీ నుంచి తీసేశారు. దానికి ఒప్పుకున్నాను. అతుకు నాది, తప్పు నాది.

తర్వాత ఆటగాళ్ళ సంఘం కార్యదర్శి ఒక కాగితం ఇచ్చాడు. 'గెలుపు కోసం కావాలనే కార్డుకి గుర్తు పెట్టాను' అని ముందే టైపు చేసి ఉంది. సంతకం పెడితే మూడు నెలలు ఆడకూడదు, అంతటితో సరి. పెట్టకపోతే రెండు నెలల తర్వాత విచారణ. అందులో ఓడితే ఇక ఎప్పటికీ ఆడనివ్వరు, పేరు నోటీసు బోర్డు మీద వేస్తారు.

"అందరూ సంతకమే పెడతారండీ, సులువు" అన్నాడు.

కావాలనే అనే మాట కొట్టెయ్యమన్నాను. కుదరదన్నాడు. కాగితం మడిచి ఇచ్చేశాను.

పెద్దోడికి అప్పుడే తెలిసింది. బళ్ళో ఎవరి తండ్రో చెప్పాడట. "మూడు నెలలేగా అక్కా, పెట్టెయ్. పిల్లలాట కోసం వీధిలో తలెత్తుకోలేకుండా చేస్తావా?" అన్నాడు. నా తల నిటారుగానే ఉంది, నీది చూసుకో అన్నాను. మరదలు వంటింట్లోంచి దగ్గింది. అది నవ్వు.

నువ్వేమంటావు?

అక్క


దీపస్తంభం

అక్కకి,

పెట్టెయ్.

అన్నయ్య చెప్పింది విను. మూడు నెలలు ఇట్టే పోతాయి. విచారణ అంటే ముగ్గురు కూర్చుని నిన్ను దొంగని చూసినట్టు చూస్తారు. నువ్వు నిజం చెబుతావు, వాళ్ళు అలాగే చూస్తూ ఉంటారు. అది నీకు అలవాటు లేదు.

నాకెలా తెలుసంటావా? నేనూ పెట్టాను అక్కా. ఆ నీలం చొక్కా రోజే, పోటీలో. నా కట్టలో యాభై ఒకటి వచ్చాయి. ఒకటి ఎక్కువ. ఎలా వచ్చిందో చెప్పలేకపోయాను. కార్యదర్శి ఆ కాగితమే ఇచ్చాడు, నీకిచ్చినలాంటిదే. అన్నయ్య వచ్చి, సంతకం పెట్టేసి ఇంటికి రా, అక్కకి చెప్పొద్దు అన్నాడు. పెట్టాను. మూడు నెలలయ్యాక కూడా ఏ బల్ల దగ్గరా కూర్చోలేకపోయాను. అందరూ నా చేతులే చూస్తున్నట్టుండేది. నేనూ నా చేతులే చూసుకునేవాణ్ణి. ఈ ఉద్యోగం పడితే వచ్చేశాను. ఇక్కడ దీపానికి నా మీద అనుమానం లేదు.

అంతే. పాత కథ. నువ్వు ఇందులో పడొద్దు.

చిన్నోడు


మేడ మీది గది,
ప్రార్థన అయ్యాక

చిన్నోడికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అదనంగా వచ్చిన కార్డు ఏదో నువ్వు రాయలేదు. నేను రాస్తాను. లాంతరు పట్టుకున్న ముసలివాడు.

నువ్వు వాణ్ణి కట్టలోంచి తీసేసి, బదులు ఇంకొకటి పెట్టుకున్నావు. తీసినవాడు మంచం కిందికి జారాడు. నేను ఊడ్చాను, తుడిచాను, దూర్చాను. మూత కూడా గట్టిగా పెట్టాను. నువ్వు 'ఊరికే' అడిగిన ప్రశ్న ఇదే కదా? నా మొదటి ఉత్తరంలోనే నీకు తెలిసిపోయింది. ఒక పడవ రాయకుండా ఊరుకుని, తర్వాత ఇటుకలూ గోడలూ అని నాలుగు పేజీలు రాశావు.

పన్నెండేళ్ళు నువ్వు నీ చేతుల్ని అనుమానించావు. ఆ చేతులు నావి.

ఏడవడం లేదు. ఏడిస్తే నువ్వు నన్ను ఓదారుస్తూ రాస్తావు, అసలు సంగతి పక్కకి పోతుంది.

ఇప్పుడు విను. నేను సంతకం పెట్టను. ఇది నా మూడు నెలల సంగతి కాదు. నేను చెయ్యని పని చేశానని రాసిస్తే, వాళ్ళు నీ దగ్గర రాయించుకున్నది కూడా సరే అయిపోతుంది. ఇకముందు ఎవరికైనా ఆ కాగితమే ఇచ్చి 'అందరూ పెడతారు' అంటారు. ఆ అందరిలో నేను ఉండను. రోజూ దేవుడి ముందు ఉన్నది ఉన్నట్టు చెప్పుకునే నోటితో, కార్యదర్శి ముందు లేనిది చెప్పలేను. చెప్పను.

నాకు ఒకటి కావాలి. కావలివాడు అడుక్కే పోతున్నాడని నీకు రాసిన ఉత్తరం ఉంటే పంపు. ఎందుకు పోతున్నాడో నాకు ఇప్పుడు తెలిసింది. నిన్న భోజనాల బల్ల మీద మరదలి చేత ముప్పైసార్లు కోయించాను. ఆమెకి ఆట రాదు. అయినా పంతొమ్మిదిసార్లు కట్ట అతుకు దగ్గరే విడిపోయింది, ఎత్తిన భాగంలో అడుగున వాడే ఉన్నాడు. ఎత్తిన భాగం కిందికి పోతుంది కాబట్టి వాడు కట్ట అడుక్కి పోయాడు. నేను అతికిన అతుకే నా ప్రార్థనకి అడ్డుపడింది, చిన్నోడా. దేవుడి మీద పెట్టుకున్న చిన్న కోపం వెనక్కి తీసుకున్నాను.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. ఈ ఆట నేర్చుకున్నది ఆట కోసం కాదు. ఏళ్ళ తరబడి నువ్వు రెండు వాక్యాలే రాస్తున్నావు. కార్డుల మాట ఎత్తగానే పారెయ్ అన్నావు. అంత కోపం ఉన్న చోట మాటలు కూడా ఉంటాయనుకున్నాను. ఉన్నాయి. తర్వాత ఆట కూడా నచ్చింది, అది వేరే సంగతి.

అక్క


దీపస్తంభం,
పడవ నిలబడి ఉంది, తొందరగా రాస్తున్నాను

అక్కకి,

ఉత్తరం పంపుతున్నాను. కవరు కూడా పంపుతున్నాను, పోస్టాఫీసు ముద్ర మీద తేదీ కనిపిస్తుంది. పోటీకి ఇరవై ఆరు రోజుల ముందుది. నీ ఉత్తరాలన్నీ ఉన్నాయి, నూనె డబ్బాల వెనక, తడి తగలకుండా.

నీకు చెప్పకూడదనుకున్నాను. చెబితే నువ్వు ఇలాగే అవుతావని తెలుసు. నువ్వు కావాలని చేశావా ఏమన్నా? గది ఊడ్చావు. ఇంట్లో ఎవరో ఒకరు ఊడ్చాలి కదా. నిజం చెప్పనా, నీ మొదటి ఉత్తరం చదివాక మెట్లన్నీ ఎక్కి పైన గంటసేపు కూర్చున్నాను. బాధతో కాదు. వాణ్ణి బయటికి తీశానని ఎప్పుడూ అనుకునేవాణ్ణి. తీశాను. నా చేతులు తప్పు చెయ్యలేదు. ఆ ఒక్కటి తెలిస్తే చాలు నాకు.

మూల చిరగడం చెమ్మకి కాదు. నేనే. ఆ సాయంత్రం చింపబోయాను, సగంలో ఆగిపోయాను. అంటే నేను చింపినదాన్ని నువ్వు అతికావు, ఆ అతుకుకి నిన్ను పట్టుకున్నారు. మన ఇంట్లో ఎవరి పని వాళ్ళు చేసుకుంటే బాగుండేది.

విచారణలో నీ సంగతే చెప్పు. నాది వదిలెయ్. పడవవాడు అరుస్తున్నాడు.

చిన్నోడు


భోజనాల బల్ల,
విచారణ రోజు సాయంత్రం

చిన్నోడికి,

వదల్లేదు.

షాపు వెనక గదిలో ముగ్గురు కూర్చున్నారు. కార్యదర్శి, షాపు యజమాని, పళ్ళ డాక్టరమ్మ. గోడవారగా ఓ పదిమంది నిలబడ్డారు. నాతో ఆడటం ఇష్టం లేనివాళ్ళు కూడా వచ్చారు. పెద్దోడు రాలేదు, బళ్ళో మీటింగ్ అన్నాడు. మరదలు వచ్చింది, మీటింగేం లేదని చెప్పింది.

ఉత్తరం, కవరు బల్ల మీద పెట్టాను. కార్యదర్శి పైకి చదివాడు. ప్రార్థన దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించాడు. పైకే చదవండి, అందులో సిగ్గుపడాల్సిందేం లేదన్నాను. తర్వాత కట్ట ఇచ్చి, ఎవరైనా కోయండి అన్నాను. డ్రైవరు ముందుకొచ్చాడు. ఇరవైసార్లు కోశాడు. పదమూడుసార్లు ముసలివాడు అడుక్కి పోయాడు.

"మోసం చెయ్యదలుచుకుంటే నా మంచి కార్డు నా చేతికి తెచ్చుకుంటాను. అడుగున పాతిపెట్టుకుంటానా?" అన్నాను.

"అంటే పెద్దమ్మా, ఇన్నాళ్ళూ మీ ముసలాణ్ణి పాతిపెట్టింది మేమేనా?" అన్నాడు డ్రైవరు. గోడవార నవ్వులు.

డాక్టరమ్మ అతుకు మళ్ళీ చూసింది. "కంటికి దొరకదు. నా దగ్గర పని చేసేవాళ్ళు కూడా ఇంత శుభ్రంగా అతకరు" అంది. కార్యదర్శి కాసేపు కలం తిప్పి, 'కావాలనే' తీసేసి 'అజాగ్రత్త వల్ల' అని రాస్తానన్నాడు. అది రాయండి, అది నిజం అన్నాను. సంతకం పెట్టాను. ఆ పోటీ పోయినట్టే. కార్డు ఇక ఆడకూడదు. నేను ఆడొచ్చు.

అందరూ లేచారు. నేను లేవలేదు. ఇంకొకటి ఉందన్నాను.

నీ సంగతి చెప్పాను. గది ఊడ్చడం, కార్డు, పెట్టె, మూత. కార్యదర్శికి నువ్వు గుర్తున్నావు. "మంచి ఆటగాడు. కానీ అతనే రాసిచ్చాడు కదమ్మా" అన్నాడు. ముందే టైపు చేసిన కాగితం మీద రాసేదేముంది, సంతకం పెట్టేదే గానీ అన్నాను. తర్వాత, ఆ కాగితం వెనక్కి తీసుకోవాలంటే సంతకం పెట్టినవాడే వచ్చి చెప్పాలన్నాడు. సాక్షులు ఉంటే తెచ్చుకోమన్నాడు. ఇంత పాత సంగతి ఎవరూ అడగలేదు, రూలు లేదన్నాడు. రూలు లేకపోతే వద్దనే రూలు కూడా లేనట్టే అన్నాను. డాక్టరమ్మ తల ఊపింది.

ఇంటికొచ్చి పెద్దోడిని భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టాను. ఉదయం, దువ్వెన, గుండీ, కార్డు అన్నీ వరసగా చెప్పాను. వాడి రెండు మేజోళ్ళ సంగతి కూడా చెప్పాను. లేచి లోపలికి వెళ్ళాడు. బీరువా తీసిన చప్పుడైంది. ఒక ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. నీ కాగితం నకలు. పన్నెండేళ్ళుగా దాచాడు.

"ఇది దాచుకుని ఏం చేద్దామనుకున్నారు?" అంది మరదలు.

"తెలియదు. పారెయ్యలేకపోయాను" అన్నాడు. తర్వాత నా వైపు చూడకుండా, "వాడు చెయ్యలేదనే అప్పుడు కూడా అనిపించింది అక్కా. త్వరగా అయిపోతుందని పెట్టించాను. అది వాడికి అయిపోలేదు" అన్నాడు.

నేను వాణ్ణి ఓదార్చలేదు. తిట్టనూ లేదు. నువ్వు వచ్చి ఏది కావాలంటే అది చెయ్.

ఈ సాయంత్రం ముగ్గురం కలిసి అనుకున్నది రాస్తున్నాను. నువ్వు వచ్చే పడవకి సెలవు పెట్టి రావాలి. అడగడం లేదు, రావాలి. నలుగురం కలిసి ఆ గదికి వెళ్తాం. కార్డు పెట్టింది నేనని నేను చెబుతాను. సంతకం పెట్టించింది తనని పెద్దోడు చెబుతాడు, బడి పేరున్న కాగితం మీద రాసి మరీ తెస్తానంటున్నాడు. మరదలు ఆయన మేజోళ్ళు చూసి పంపిస్తానంది. వాళ్ళు కాదంటే మళ్ళీ వెళ్తాం. అప్పుడూ కాదంటే, ఆదివారం ఆదివారం వెళ్ళి ఆ గదిలో కూర్చుంటాం. తలుపులు మూసుకుని కూర్చుని గెలవడం నాకు వచ్చు.

ఇంకొకటి నా అంతట నేను నిర్ణయించుకున్నాను, వాళ్ళిద్దరూ ఒప్పుకున్నారు. ఇకమీదట ఈ ఇంట్లో నీ గది నేను ఊడ్చను. నీ పెట్టె మంచం మీద ఉంది, మూత తీసే ఉంది. లెక్క నువ్వే పెట్టుకో.

అక్క